షాక్‌లు మార్చే ముందు బంప్ స్టాపర్ చూడండి: మా పాత 407తో నా అనుభవం

బండి ముందు ఎడమ చక్రం దగ్గర ధన్‌మని చప్పుడు వస్తే మన డ్రైవర్లలో చాలామంది వెంటనే అనే మాట "షాక్‌లు పోయాయి". మా 407 మినీ లారీకి అదే చప్పుడు వచ్చింది. షాక్‌లు, అంటే బండి ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్లు, పోయిన మాట నిజమే. కానీ ఆ చప్పుడు వాటిది కాదు. వాటికంటే ముందే అరిగిపోయిన ఒక చిన్న రబ్బరు ముక్క వల్ల వచ్చింది. అది చాసిస్ (బండి అడుగు ఫ్రేము) కింద, యాక్సిల్‌కి (ఇరుసుకి) సరిగ్గా పైన ఉండే బంప్ స్టాపర్. దాన్ని వదిలేసి షాక్‌లు ఒక్కటే మారిస్తే కొత్తవి కూడా ఎక్కువ కాలం నిలవవు. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని పక్కనే నిలబడి చేయించుకున్నాను. పాత బండ్ల మీద బతికేవాళ్లకు పనికొస్తుందని అంతా రాస్తున్నాను.

మాది టాటా 407. ఈ మోడల్ 1986లో మార్కెట్లోకి వచ్చింది. మా బండి అంత పాతది కాదు గానీ, మా దగ్గరకు వచ్చేసరికే చేతులు మారింది. సీజన్లో గుంటూరు మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు, విజయవాడ గోడౌన్లకు టిక్కీలు (మిర్చి బస్తాలు) వేస్తాం. మిగతా రోజుల్లో సిమెంటు, టైల్స్, ఇల్లు మారేవాళ్ల సామాన్లు, ఏది దొరికితే అది. మిర్చి లోడుకు ఒక తంటా ఉంది. టిక్కీ ఒక్కోటి 40, 45 కిలోలు ఉంటుంది. బరువు పాసింగ్ (బండికి అనుమతించిన బరువు) లోపలే ఉన్నా వరస మీద వరస పేర్చేసరికి లోడు క్యాబిన్ ఎత్తు దాటిపోతుంది. సిమెంటు బస్తాల బరువంతా కింద ఉంటుంది. మిర్చిది పైన ఉంటుంది. మలుపు తిరిగినప్పుడు బండి పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరగడం ఒక్కసారిగా కాకుండా నిదానంగా జరిగేలా పట్టి ఉంచేది షాక్ అబ్జార్బరే. అందుకే సిమెంటు లోడుతో నాకు పెద్దగా తెలియని లోపం, మిర్చి సీజన్ రాగానే బయటపడింది.

కనకదుర్గ వారధి మీద జాయింట్లు దాటేటప్పుడు ముందు భాగం ఒకసారి ఊగి ఆగాల్సింది, రెండు మూడుసార్లు తల ఊపేది. బ్రేకు తొక్కితే ముక్కు కిందికి దిగిపోయేది. మంగళగిరి దాటాక రోడ్డు నున్నగా ఉన్నచోట కూడా స్టీరింగులో సన్నని వణుకు. ముందు టైర్ల మీద అరచెయ్యి పెట్టి రాస్తే ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగిలేవి. చక్రం రోడ్డుని అంటిపెట్టుకోకుండా చిన్న చిన్నగా ఎగిరి పడుతుంటే టైరు ఇలాగే ముక్కలు ముక్కలుగా అరుగుతుంది. అలైన్‌మెంటు తేడా ఉంటే ఒక అంచు మొత్తం అరుగుతుంది. ఈ రెండింటికీ తేడా చేత్తో తడిమితే తెలిసిపోతుంది, మిషను అవసరం లేదు.

అసలు చప్పుడు మాత్రం ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర వచ్చేది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా పెట్టిన లెక్క అది. మన ఊళ్లలో ఎవరి ఇంటి ముందు వాళ్లు వేసుకున్నవి మూరెడు వెడల్పు కూడా ఉండవు, ఎత్తు మాత్రం గట్టులా ఉంటుంది. వెడల్పు తగ్గితే చక్రం అంతే ఎత్తుని చాలా తక్కువ సమయంలో ఎక్కాలి. యాక్సిల్ విసురుగా పైకి లేస్తుంది. రంగు కూడా వేయని ఆ దిబ్బల వల్ల బండ్లకు, వాటిమీద బతికేవాళ్లకు ఎంత నష్టమో వేసేవాళ్లు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండు.

ఆటోనగర్‌లో ముందు ఒక షాపులో చూపించాను. బండి కింద దూరకుండానే, "షాక్‌లు మార్చేద్దాం, గంటలో వెళ్లిపోవచ్చు" అన్నారు. ధర కూడా అందుబాటులోనే చెప్పారు. నాకు మనసొప్పక, మా నాన్న హయాం నుంచి మా బండ్లు చూసే మేస్త్రీ దగ్గరకు వెళ్లాను. ఆయన్ని బాబాయ్ అంటాను. బండి ఆపగానే వెనక చక్రాలకు రాళ్లు పెట్టించి, టార్చి తీసుకుని కిందికి దూరాడు.

"ఇటు రా అబ్బాయ్. షాక్ సంగతి తర్వాత. పైన రబ్బరేదీ?"

చూస్తే ఎడమవైపు స్టాపర్ ఉండాల్సిన చోట ఇనుప ప్లేటు ఒక్కటే మిగిలింది. దానికి అంటుకుని గోరంత రబ్బరు పొర. దాని కింద, కమాన్ కట్ట (బండి బరువు మోసే ఇనుప పట్టీల దొంతర) మీద, దాన్ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు పట్టి ఉంచే ప్లేటుంది. బండి కింద అంతా బురద, గ్రీజు, దుమ్ముతో నల్లగా ఉంటే, ఆ ప్లేటు మీద రూపాయి బిళ్లంత మేర ఇనుము తళతళా మెరుస్తోంది. పైన ప్లేటుకీ అదే కొలతలో మెరుపు. ఎన్నాళ్లుగానో రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కుడివైపు స్టాపర్ ఉంది గానీ, గోరుతో నొక్కితే దిగలేదు. రాయిలా గట్టిపడి పగుళ్లు వచ్చాయి. మంచి రబ్బరైతే గోరు దిగుతుంది, తీయగానే గుర్తు మాసిపోతుంది.

షాక్‌ల ఒంటినిండా నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుని పేస్టులా పట్టేసింది. పైభాగంలో సన్నగా చెమ్మ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. షాక్ కడ్డీ లోపలికీ బయటికీ ఆడేటప్పుడు, నూనెని ఆపే సీలుకి తడి అందాలి కాబట్టి కాస్త పొర వస్తుంది. కింది దాకా ధారలా దిగితే మాత్రం సీలు పోయినట్టే.

ఈ రెండు భాగాలకూ ఉన్న సంబంధం బాబాయ్ చెప్పేదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు. బరువు మోసేది కమాన్ పట్టీలు. షాక్ బరువు మోయదు. పట్టీల ఊపుని ఆపుతుంది. లోపల నూనెలో ఒక పిస్టన్ ఆడుతుంది, దానికున్న సన్నని దారుల్లోంచి నూనె ఇబ్బంది పడుతూ వెళ్లాలి. ఆ ఇబ్బందిలోనే ఊపు శక్తి వేడిగా మారిపోతుంది. లోడుతో గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చాక షాక్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మరి యాక్సిల్ మరీ పైకి లేస్తే? షాక్‌కి ఒక పొడవు ఉంది, అంతకు మించి ముడుచుకోలేదు. అక్కడిదాకా వెళ్లకముందే యాక్సిల్‌ని ఆపాల్సింది బంప్ స్టాపర్. అది లేకపోతే పిస్టన్ వెళ్లి అడుగున ఉన్న వాల్వుని గుద్దుతుంది. ఒకటి రెండు దెబ్బలకు ఏమీ కాదు. రోజూ తగిలితే వాల్వు పోతుంది, కడ్డీ వంగుతుంది, వంగిన కడ్డీ సీలుని కోసేస్తుంది. అప్పుడు నూనె కారడం మొదలవుతుంది. మనం చూసేది ఆ నూనెనే కాబట్టి, మార్చేది కూడా షాక్‌నే. దెబ్బ మొదలైన చోటు అలాగే ఉండిపోతుంది.

మరి ఎడమ స్టాపరే ఎందుకు ముందు పోయింది? టేపు పెట్టి రెండువైపులా చక్రం మధ్య నుంచి చాసిస్ దాకా కొలిస్తే ఎడమవైపు కిందికి దిగి ఉంది. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు అంచు దిగేది మన ఎడమ చక్రమే. కమాన్ కట్టని వైరు బ్రష్షుతో రుద్దితే మూడో పట్టీ మీద గీతలా విరుగు కనిపించింది. పట్టీ విరిగి, బండి దిగి, స్టాపర్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఖాళీ తగ్గిపోయింది. దాంతో ప్రతి చిన్న గతుకుకీ స్టాపరే దెబ్బలు తిన్నది. అంటే స్టాపర్ మార్చినా ఆ పట్టీ మార్చకపోతే ఫలితం ఉండదు.

చాసిస్ కూడా చూద్దామన్నాడు బాబాయ్. స్టాపర్ బ్రాకెట్ చుట్టూ మట్టి గీకి, కిరసనాయిలు పూసి, కాసేపాగి గుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి అద్దాడు. పగులు ఉంటే లోపలికి దిగిన కిరసనాయిలు మెల్లగా బయటికి వచ్చి సుద్ద మీద తడిగీత గీస్తుంది. మేం కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డాం. గీత రాలేదు. నాకు సగం టెన్షన్ అక్కడే పోయింది. చాసిస్ పగిలి ఉంటే ఖర్చు ఎక్కడిదాకా వెళ్లేదో, తర్వాత ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్తే ఏమనేవారో. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా చేయించుకోవాలి కదా, ఆ భయం ఎప్పుడూ వెన్నంటే ఉంటుంది.

సామాన్లు కొనడానికి నేనే వెళ్లాను. షాక్‌లు జతగానే మార్చాలి, ఒకటే కొంటే బండి ఒకవైపు గట్టిగా, ఒకవైపు మెత్తగా నడుస్తుంది. గాబ్రియేల్ కంపెనీ జత తీసుకున్నాను. డబ్బా సీలు, పార్ట్ నంబరు చూసుకుని, బిల్లు రాయించుకున్నాను. స్టాపర్ల దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. ఒక చోట పాత టైరు కోసి చేసిన ముక్కలు చూపించి, ఇవి జన్మలో అరగవన్నారు. అరగకపోవచ్చు. కానీ అసలు స్టాపర్ కొన సన్నగా, మొదలు లావుగా ఉంటుంది. కొన మెత్తగా నొక్కుకుంటుంది, పోనుపోను గట్టిపడుతుంది. అలా దెబ్బని విడతలుగా తీసుకుంటుంది. నైలాను దారాలున్న టైరు ముక్కకి ఆ మెత్తదనం లేదు, దెబ్బ నేరుగా చాసిస్‌కి వెళ్తుంది. ఇంకో షాపులో ఎత్తు ఎక్కువున్న స్టాపర్లు ఇస్తామన్నారు, లోడు వేస్తే బండి కిందికి దిగదట. అది మరీ ప్రమాదం. లోడు వేయగానే యాక్సిల్ వచ్చి స్టాపర్ మీదే కూర్చుంటుంది, పట్టీలు ఆడవు, బరువంతా ఆ చిన్న బ్రాకెట్ మీద పడుతుంది. నేను మోడల్‌కి సరిపోయేవే కొన్నాను. రెండూ కలిపినా ఒక షాక్ ఖరీదులో చిన్న భాగం. ఇంత తక్కువ ఖరీదు వస్తువుని మనం ఎందుకు చూడమో నాకు అర్థం కాదు.

విప్పడమే కష్టమైన పని. బోల్టులకు ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాం. పొద్దున చాసిస్ కింద రెండువైపులా స్టాండ్లు పెట్టాకే చక్రాలు విప్పారు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరనివ్వడు బాబాయ్. కుడివైపు షాక్ పానాకి లొంగింది. ఎడమవైపు కింది బోల్టు, అది దూరే రబ్బరు బుష్ లోపలి గొట్టంతో కలిసి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పక్క షెడ్డు కుర్రాడు గ్యాస్ కటింగ్ తెస్తానన్నాడు, రెండు నిమిషాల పని.

"షాక్ దగ్గర మంట పెట్టొద్దు నాయనా. లోపల నూనె ఉంది, వేడెక్కితే పేలుద్ది," అని బాబాయ్ ఆపేశాడు.

ఆ మాట ప్రతి షెడ్డులో రాసి పెట్టాలి. నూనె కారిపోయిన షాక్‌లో ఇంకేముంటుందిలే అనుకుంటాం, కానీ లోపల కొంత మిగిలే ఉంటుంది. గ్యాస్ నింపిన రకమైతే నొక్కి పెట్టిన గ్యాస్ కూడా ఉంటుంది. హాక్సా బ్లేడు పెట్టి, నూనె చుక్కలు వేస్తూ, ఇద్దరు మార్చి మార్చి కోసి తీశారు. ఆలస్యమైనా నాకు అదే నచ్చింది. స్టాపర్ స్టడ్ ఒకటి మొదలంటా విరిగి బ్రాకెట్‌లోనే ఉండిపోయింది. పక్క వీధి లేత్ షాపు నుంచి మనిషి వచ్చి, డ్రిల్లు వేసి, ట్యాప్ పెట్టి కొత్త మరలు తీశాడు. జవహర్ ఆటోనగర్‌లో ఉన్న సుఖమే అది. లేత్, కమాన్, రేడియేటర్, సీట్లు కుట్టేవాళ్లు, అందరూ కేకేస్తే పలికేంత దూరంలో ఉంటారు.

కమాన్ కట్టని విప్పి కమాన్ షాపుకి పంపాం. విరిగిన పట్టీ మార్చి, సెంటర్ బోల్టు కొత్తది వేసి, వంపు రెండువైపులా సమానంగా ఉండేలా సెట్ చేశారు. యూ బోల్టులు కొత్తవే వేయించాను. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టు మళ్లీ అదే పట్టు ఇవ్వదు.

పాత షాక్‌నీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి చేత్తో నొక్కి చూడమన్నాడు బాబాయ్. పాతది కొంత దూరం ఏ అడ్డూ లేకుండా జారిపోయి, ఆ తర్వాత పట్టింది. పైకి లాగితే లోపల టక్‌మంది. కొత్తది నొక్కితే నిదానంగా, ఒకే తీరున దిగింది. పైకి లాగాలంటే ఇంకా బలం కావాల్సి వచ్చింది. షాక్‌ని అలాగే తయారు చేస్తారు. గతుకుకి చక్రం పైకి లేచేటప్పుడు పట్టీలు ఎలాగూ అడ్డుకుంటాయి. నొక్కుకున్న పట్టీలు తిరిగి విసిరినప్పుడే ఎక్కువ పట్టు కావాలి.

డబ్బాలో పడుకోబెట్టి ఉంచిన షాక్‌లో నూనె దారుల్లోకి గాలి చేరుతుంది. అందుకని బిగించే ముందు నిలువుగా పట్టుకుని, పూర్తిగా లాగి పూర్తిగా నొక్కాలి, మధ్యలో ఎక్కడా ఖాళీగా జారకుండా ఒకే తీరున ఆడేదాకా. దుమ్ము కప్పు ఉన్న వైపు పైకి రావాలి.

తర్వాత కొలతలు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టుకి ఎంత దూరమో కొలిచాం. అందులోంచి కొత్త షాక్ పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు తీసేస్తే, షాక్ ఇంకా ఎంత ముడుచుకోగలదో వస్తుంది. స్టాపర్ కింద ఉన్న ఖాళీ, స్టాపర్ నొక్కుకునే మేర రెండూ కలిపితే వచ్చేదానికంటే ఆ మిగులు ఎక్కువ ఉండాలి. ఉదాహరణకి ఖాళీ 3 అంగుళాలు, రబ్బరు నొక్కుకునేది 1 అంగుళం అనుకుంటే, షాక్‌లో 4 అంగుళాలకు మించి మిగలాలి. లేకపోతే స్టాపర్ పూర్తిగా పని చేసేలోపే షాక్ అడుగుని కొట్టేస్తుంది. రెండో వైపు కూడా చూడాలి. చాసిస్ ఎత్తి యాక్సిల్ వేలాడదీసినప్పుడు బోల్టుల మధ్య దూరం, షాక్ పూర్తిగా సాగిన పొడవు కంటే తక్కువ ఉండాలి. లేకపోతే ప్రతి గుంటలో షాకే యాక్సిల్‌ని మోస్తుంది. ఈ రెండు లెక్కలకు టేపు, చాక్‌పీసు చాలు. షాక్ కొనేటప్పుడు పొడవు కలిసిందని తీసుకుపోయేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

బోల్టులు గాలిలో ఉండగా చేతి బిగువు వరకే పెట్టారు. చక్రాలు వేసి, బండి నేలకి దించి, ముందు భాగాన్ని రెండుసార్లు ఊపి సర్దుకోనిచ్చాకే పూర్తిగా బిగించారు. వేలాడుతున్నప్పుడే బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టేసుకుంటుంది, బండి దిగగానే మెలితిరుగుతుంది. అలా మెలితిరిగిన బుష్ రోజూ నలిగి తొందరగా చిరుగుతుంది. బిగించాక ప్రతి నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాడు బాబాయ్. నట్టు కదిలితే గీత విడిపోతుంది. చివరగా రెండు స్టాపర్ల కొనలకూ కాస్త గ్రీజు రాశాడు. అదెందుకో మొదట అర్థం కాలేదు.

ఖాళీ బండితో ఆటోనగర్ నుంచి బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి వస్తే బండి మునుపటికంటే గట్టిగా అనిపించింది. ఖాళీ 407 ఎప్పుడూ మెత్తగా నడవదు. పాడైన షాక్‌ల ఊపుకి అలవాటుపడిన ఒంటికి బాగున్న షాక్ గట్టిగానే తోస్తుంది. అసలు తేడా గుంటూరు నుంచి టిక్కీలు వేసుకుని వస్తున్నప్పుడు తెలిసింది. కాజ టోల్ దగ్గర బ్రేకు తొక్కితే ముక్కు దిగలేదు. వారధి జాయింట్ల మీద ఒక్క ఊపు ఊగి కుదురుకుంది. మలుపులో లోడు ఒరిగే తీరు ముందే తెలుస్తోంది, చేతులు బిగుసుకోవడం లేదు. పక్కన కూర్చున్న మా కూలీ అన్న, "బండి మార్చారా ఏంది?" అన్నాడు. ముందు టైర్ల గొణుగుడు మాత్రం అలాగే ఉంది, ఒకసారి పల్లాలుగా అరిగిన టైరు షాక్ మార్చినంత మాత్రాన నునుపు కాదు. ఆ టైర్లు అరిగేదాకా భరించాల్సిందే.

లోడు దించాక మళ్లీ బాబాయ్ దగ్గరకే వెళ్లాను. స్టాపర్ కొనకు రాసిన గ్రీజు కింద ప్లేటుకి చిన్న చుక్కలా అంటింది, రెండువైపులా దాదాపు ఒకే కొలతలో. అంటే పెద్ద గతుకుల దగ్గర మాత్రమే రబ్బరు కొన తగిలింది, మొదలుదాకా నలగలేదు. గ్రీజు అంతా చితికిపోయి చుట్టూ పరుచుకుని ఉంటే పట్టీల బలం చాలడం లేదనో, లోడు మించిందనో అర్థమట. పెయింటు గీతల్లో ఎడమ యూ బోల్టు ఒకదానివి విడిపోయాయి. కొత్త పట్టీ సర్దుకున్నాక అది సహజం, అందుకే లోడుతో తిరిగొచ్చాక మళ్లీ బిగించాలి. నాలుగూ బిగించి గీతలు కొత్తగా గీశాడు. కమాన్ విప్పారు కాబట్టి ముందు చక్రాల అలైన్‌మెంటు కూడా చూపించమని పంపాడు. కొద్దిగా తేడా ఉంటే సరిచేయించాను.

వెనక హెల్పర్ పట్టీల (లోడు పెరిగినప్పుడు సాయపడే అదనపు పట్టీల) దగ్గరున్న రబ్బర్లు కూడా అదేరోజు గోరుతో నొక్కి చూశాం. కుడివైపుది బాగుంది, ఎడమవైపుది గట్టిపడుతోంది. వచ్చే ఎఫ్‌సీకి ముందే ఆ రెండూ మార్పిస్తాను.